అడవికి అతిథులం



కిందటి టపాలో, మా అబ్బాయి దగ్గర అమెరికాలో ఉన్నప్పుడు కొండల నడుమ అడవిలో పైసా ఖర్చు లేకుండా ఒక రాత్రి గుడారంలో పడుకున్నానని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. నలుగురైదుగురు మిత్రులు ఆ వాక్యాన్ని పట్టుకొని వదలలేదు. "ఆ దేశంలో గాలికి తప్ప అన్నిటికీ రుసుము ఉంటుందని విన్నాం, అడవి మాత్రం ఉచితమా మాస్టారూ?" అని ఒకరు. "చోటు ఎలా దొరుకుతుంది? ఎవరిని అడగాలి?" అని మరొకరు. ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పిన నోరు ఇది, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండలేదు. అయితే ఆ రాత్రి గురించి చెప్పాలంటే ఒక అన్నం ముద్ద సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం అదే.

మా తెలుగు పండితులకు అరణ్యమంటే ముందుగా గుర్తుకు వచ్చేది నన్నయగారి కలం ఆగిన చోటు. ఆయన అరణ్యపర్వం నడుమ ఆగిపోతే, తిక్కన ఆ జోలికి పోకుండా విరాటపర్వంతో అందుకున్నాడు. మిగిలిన అడవిని దాటించినవాడు ఎఱ్ఱన. భాషాప్రవీణ చదువుకొనే రోజుల్లో ఈ ముచ్చట ఎంతగా వంటబట్టిందంటే, అడవిలోకి వెళ్తున్నామని మా వాడు అనగానే "నడుమ ఆగిపోతే ఎవరు పూర్తి చేస్తారురా?" అన్నాను. వాడు నవ్వలేదు. వాడికి తెలుగు అర్థమవుతుంది గాని తెలుగు పండితుల హాస్యం అర్థం కాదు.

రెండేళ్ళ కిందటి ఆగస్టు మాసం అది. మా అబ్బాయి కొలరాడో రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. కోడలికి ఆ వారాంతం పని ఉండటంతో వాడూ, తొమ్మిదేళ్ళ మనవడూ, నేనూ బయలుదేరాలని నిశ్చయమైంది. ముందుగా డబ్బు కట్టి దిగే విడిది స్థలాలు చూశారు. అక్కడ బల్ల, మరుగుదొడ్డి, కొన్నిచోట్ల కుళాయి ఉంటాయి. కాని చాలా స్థలాలను ఆరు నెలల ముందు నుంచే రిజర్వు చేసుకొనే వీలుండటం వలన, మాబోటి ఆలస్యపు మనుషులకు ఏమీ మిగలలేదు. "అయితే విడిగా దిగుదాం" అన్నాడు మా వాడు. అప్పుడు తెలిసింది నాకు ఆ పద్ధతి సంగతి.

ఆ దేశంలో 154 జాతీయ అరణ్యాలు ఉన్నాయి. వాటినీ, కొన్ని గడ్డిభూములనూ చూసే అటవీ సేవా సంస్థ 1905లో ఏర్పడింది. చిత్రమేమిటంటే అది వ్యవసాయ శాఖ కింద ఉన్నది. దాని అధీనంలోని నేల సుమారు 19 కోట్ల 30 లక్షల ఎకరాలు. మన రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపితే దాదాపు 6 కోట్ల 80 లక్షల ఎకరాలు. అంటే రమారమి మనకు మూడు రెట్లనుకోండి. జాతీయ ఉద్యానవనాలు వేరు, అవి అంతరంగిక శాఖవి. అక్కడ ఎక్కడపడితే అక్కడ గుడారం వేయడానికి వీల్లేదు, అనుమతి పత్రం ఉండాలి. జాతీయ అరణ్యాలలో మాత్రం, నిషేధించిన చోట్లు తప్పించి, ఎవరైనా వచ్చి దిగవచ్చు. రుసుము లేదు, రసీదు లేదు, ముందుగా పేరు రాయించుకోవడం లేదు. చాలా అడవులలో 14 రోజుల వరకు ఉండనిస్తారు, ఆపైన కదలాలి. దీనినే వాళ్ళు చెదురుమదురు బస అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు.

ఉచితమన్న మాట వినగానే మనకు సత్రం గుర్తుకు వస్తుంది. ఇది సత్రం కాదు. నీళ్ళు ఉండవు, మరుగుదొడ్డి ఉండదు, చెత్తకుండీ ఉండదు, దీపం ఉండదు, పిలిస్తే పలికే మనిషి ఉండడు. ఫోనుకు సిగ్నలు కూడా చాలాచోట్ల ఉండదు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన నీళ్ళు మనమే మోసుకుపోవాలి. మనం తెచ్చినదంతా, చివరకు చాక్లెట్టు కాగితం దాకా, మనమే వెనక్కి తీసుకుపోవాలి. ఆ అడవి ఇచ్చేది ఒక్కటే, చోటు.

ఆ చోటును కనుక్కోవడం ఒక పఠన విద్య అని చెబితే అతిశయోక్తి కాదు. మా వాడు నా ముందు ఒక పటం పరిచాడు. వాహనాలు తిరగదగిన దారుల పటం అది. రేంజరు కార్యాలయంలో ఉచితంగా ఇస్తారు, జాలంలోనూ దొరుకుతుంది. నలుపు తెలుపులలో, కొండల ఎత్తుపల్లాలు కూడా చూపకుండా, చూడటానికి బొత్తిగా నీరసమైన పటం. "ఇందులో ఏమున్నదిరా?" అన్నాను. వాడు ఒక దారి గీతకు అటూ ఇటూ ఉన్న సన్నని చుక్కలు చూపించాడు. ఏ దారి పక్కన ఆ చుక్కలుంటే ఆ దారి పక్కన వాహనం దింపి బస చేయవచ్చునట. ఎంత లోపలికి వెళ్ళవచ్చునో పట్టికలో రాసి ఉంటుంది, చాలాచోట్ల 300 అడుగులు. ఒకే దారికి ఒక వైపు చుక్కలుండి మరో వైపు ఉండకపోవచ్చు. కొంత దూరం ఉండి ఆగిపోనూ వచ్చు. సున్నను అనవసరమని వదిలేసిన పిల్లవాడి పద్యం ఎలా కూలిపోతుందో ముప్పై ఏళ్ళు చెప్పినవాణ్ణి కనుక, చుక్క విలువ నాకు వెంటనే బోధపడింది. కళ్ళద్దాలు తుడుచుకొని పటం ముందు కూర్చున్నాను. ఆ సాయంత్రం నేనూ మా వాడూ పక్కపక్కన కూర్చొని ఒకే కాగితాన్ని చదివాము. వాడి పదో తరగతి తరువాత అలా కూర్చోవడం అదే మొదలు.

చుక్కలు దొరికితే పని అయిపోలేదు. అడవి సరిహద్దు లోపలే అక్కడక్కడ సొంత భూములు ఉంటాయి, వాటిలో అడుగుపెట్టరాదు. అందుకని భూస్వామ్యం చూపే మరొక పటంతో సరిపోల్చాలి. పిదప ఉపగ్రహ చిత్రంలో ఆ దారి వెంట చూపు నడుపుతూ పోతే, చెట్ల మధ్య గోరంత ఖాళీలు, వాటిలోకి చీలిన చిన్న బాటలు కనబడతాయి. అవి పూర్వం ఎవరో దిగిన చోట్లు. కొత్త చోటు తొక్కడం కంటే పాత చోట దిగడమే మేలు, గడ్డి మళ్ళీ చావదు. అలాంటివి మూడు గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే మొదటిది ఎప్పుడూ దొరకదు. పటాలను ఫోనులో ముందే దింపుకుంటే సిగ్నలు లేకపోయినా ఉపగ్రహాల సాయంతో మనమెక్కడున్నామో చూపిస్తుంది. చివరగా రేంజరు కార్యాలయానికి ఫోను చేసి దారి తెరిచి ఉన్నదా, నిప్పు మీద నిషేధం ఉన్నదా అని అడగాలి. మేము అడిగితే ఉన్నదన్నారు. కట్టెల మంట కూడదు, మీట తిప్పితే ఆరిపోయే గ్యాసు పొయ్యి మాత్రం వాడుకోవచ్చు. నెగళ్ళు లేని అడవి రాత్రి ఏమి రాత్రి అని నేను నిట్టూర్చాను.

నిషేధం ఎందుకో మర్నాడు దారిలో కళ్ళారా చూశాను. ఫోర్ట్ కాలిన్స్ పట్టణం దాటాక దారి కాష్ ల పూడ్ర్ అనే నది వెంట కొండల్లోకి ఎక్కుతుంది. ఆ పేరుకు ఫ్రెంచి భాషలో తుపాకిమందు దాచిపెట్టు అని అర్థమని మా వాడు చెప్పాడు. నేను సంతోషించాను, నదికి ఇంత పొడి పేరు పెట్టినవాళ్ళు మరెక్కడా లేరు. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఒక మలుపు తిరగగానే కొండకు కొండే నల్లని కాడలతో నిలబడి ఉన్నది. 2020 ఆగస్టులో కామెరాన్ శిఖరం దగ్గర రేగిన కార్చిచ్చు ఆ సంవత్సరం చివరి దాకా ఆరలేదు. 2 లక్షల 8 వేల ఎకరాలు దాటి కాలిపోయింది. ఆ రాష్ట్రపు నమోదిత చరిత్రలో అంత పెద్ద అగ్ని అంతకుముందు లేదు. నల్లని మోడుల కింద ఊదారంగు పూలు విరగబూసి ఉన్నాయి. మనవడు కారు అద్దానికి ముక్కు ఆనించి "తాతా, చెట్లన్నీ పెన్సిళ్ళలా ఉన్నాయి" అన్నాడు. నెగళ్ళ మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

కాలని భాగంలోకి చేరి, తారు రోడ్డు వదిలి, గతుకుల మట్టి దారి పట్టాము. మేము గుర్తు పెట్టుకున్న మొదటి చోట అప్పటికే రెండు గుడారాలు, ఒక కుక్క ఉన్నాయి. రెండవది చూడముచ్చటగా ఉన్నది. చదునైన నేల, పక్కనే సన్నని వాగు చప్పుడు. నేను దిగి చాప పరచబోతుంటే మా వాడు తలెత్తి పైకి చూశాడు. చుట్టూ ఉన్న పైన్ చెట్లలో సగం నిలువునా చచ్చి ఉన్నాయి. 1990ల చివరి నుంచి ఒక బెరడు పురుగు అక్కడి కొండలలో లక్షల ఎకరాల పైన్ అడవిని చంపిందట. అలాంటి చెట్టు గాలి లేకపోయినా రాత్రివేళ విరిగి పడవచ్చు. దానికి అక్కడివాళ్ళు పెట్టిన పేరుకు తెలుగు చెప్పుకుంటే విధవను చేసేది అని. భార్య పోయినవాడికి ఆ పేరు వర్తించదు కాబోలు అనుకున్నాను. పైకి అనలేదు. పైగా ఆ చోటు వాగుకు మరీ దగ్గర. నీటికి కనీసం 200 అడుగుల ఎడం పాటించమని చెబుతారు, అడవి జంతువులకు నీటి దారి అడ్డుకోకూడదు, మన మురికి నీళ్ళు అందులో కలవకూడదు. మళ్ళీ కారెక్కాము.

మూడవ చోటు దొరికేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ఆస్పెన్ చెట్ల తోపు అంచున, తూర్పు వైపు తెరిపిగా ఉన్న చిన్న మెట్ట. ఎవరో పాతవాళ్ళు పేర్చిన రాళ్ళ పొయ్యి ఒకటి చల్లగా పడి ఉన్నది. సముద్రమట్టానికి 9,000 అడుగుల ఎత్తు. నాలుగడుగులు వేస్తే నాకు ఆయాసం వస్తున్నది. గుడారం నిలబెట్టీ పెట్టకముందే ఉరుములు మొదలై అరగంట వాన దంచింది. వేసవి మధ్యాహ్నాలలో ఆ కొండల మీద ఇది మామూలేనట. కారులో కూర్చొని చూశాము.

వాన వెలిశాక మా వాడు ఒక చిన్న పార తీసి, మొహమాటపడుతూ, కాలకృత్యాల విధానం నాకు వివరించబోయాడు. నీటికీ, దారికీ, గుడారానికీ 200 అడుగుల దూరం, అంటే పెద్దవాళ్ళ అడుగులు డెబ్భై. ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గొయ్యి. పని ముగిశాక మట్టి కప్పాలి. కాగితం వాడితే అది సంచీలో వెనక్కి తేవాలి. "ఒరే, నేను పుట్టింది మార్కాపురం దగ్గరి పల్లెలో. పాతికేళ్ళు వచ్చేదాకా చెంబు పుచ్చుకొని పొలాల వైపు వెళ్ళినవాణ్ణి. ఈ విద్యలో నువ్వు నాకు గురువువా?" అన్నాను. ఆ రోజు మా ముగ్గురమూ కలిసి నవ్విన నవ్వు అదొక్కటే. మనవడు డెబ్భై అడుగులు లెక్కపెట్టి ఒకచోట నిలబడితే, వాడి అడుగులు చిన్నవి కనుక మిగిలిన దూరం నేను కొలిచాను.

సాయంత్రం వంటకు కూర్చున్నాము. గుడారానికి దూరంగా, గాలి వాలున వండాలి, వంట వాసన పడుకొనే చోట ఉండకూడదు. ఆ ఎత్తులో నీళ్ళు 91 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మరుగుతున్నట్టే ఉంటాయి గాని బియ్యం ఉడకవు. మూత మీద రాయి పెట్టినా మెతుకు నడుమ పలుకు మిగిలింది. ఇంటి నుంచి తెచ్చిన పప్పు, మాగాయ కలుపుకొని తినడానికి సిద్ధమయ్యాము.

ఇక్కడ మా ఆవిడ సంగతి చెప్పాలి. ఆమె పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఇంట్లో ఎవరూ విస్తరి ముందు కూర్చోకముందే ఆమె ఒక ముద్ద కలిపి పెరటి గోడ మీద పెట్టేది. కాకి వచ్చి తినేదాకా నిలబడి చూసేది. పండగ నాడూ అంతే, పస్తు నాడూ అంతే. ఆమె పోయాక ఆ పని నాకు వచ్చింది. నేను పెద్ద నిష్ఠాపరుణ్ణి కాను. కాని ఆ ముద్ద పెట్టనిదే నాకు అన్నం లోపలికి పోదు. మా వాడి ఇంట్లోనూ పెరటి కంచె మీద పెడుతూనే ఉన్నాను, కోడలు ఏమీ అనదు.

ఆ అలవాటు కొద్దీ ఒక ముద్ద చేసి, పదడుగుల అవతల ఉన్న బండ మీద పెట్టబోయాను.

"నాన్నా, అక్కడ పెట్టకండి" అన్నాడు మా వాడు.

"కాకికిరా."

"ఇక్కడ కాకి ఒక్కటే రాదు. ఎలుగుబంట్లు తిరిగే చోటు. వాసన పడితే వస్తాయి."

"ఒక్క ముద్దకా?"

"ఒక్క ముద్ద చాలు. ఇక్కడ తిండి దొరుకుతుందని ఒకసారి తెలిస్తే మళ్ళీ మళ్ళీ వస్తుంది. మనం పోతాం, తరువాత వచ్చేవాళ్ళ మీదకు పోతుంది. మనుషుల తిండికి మరిగిన ఎలుగును చివరికి కాల్చి చంపవలసి వస్తుంది. అన్నం పెట్టినవాడు దాన్ని చంపినట్టే."

నాకు కోపం వచ్చింది. మనవడు చూస్తున్నాడన్న స్పృహ కూడా లేకుండా, "మీ అమ్మ ఉంటే" అని మొదలుపెట్టాను.

"అమ్మ ఉంటే నేను చెబితే వినేది" అన్నాడు వాడు.

ఆ తరువాత మాటలు లేవు. నా చేతిలో ముద్ద అలాగే ఉన్నది. వాడు లేచి వచ్చి స్టీలు డబ్బా మూత తీసి పట్టుకున్నాడు. అందులో వేశాను. గిన్నెలు తుడిచిన కాగితాలూ, మాగాయ సీసా, మనవడి పళ్ళపొడి, ఆ డబ్బా, వాసన వచ్చేవన్నీ కారులో పెట్టి, అద్దాలు బిగించి, తాళం వేశాడు. తలుపుకు తాళం వేయకపోతే పిడి లాగి తెరిచే ఎలుగుబంట్లు ఉన్నాయట అక్కడ. నేను ఆ పలుకు మెతుకులు నీళ్ళతో మింగాను.

రాత్రి చలి బాగా పెరిగింది. మంకీ టోపీ, రెండు రగ్గులు. నిప్పు లేకపోవడం వలన చీకటి గుడారం గుడ్డ దాకా వచ్చి నిలిచింది. బయటికి వచ్చి తల ఎత్తితే పాలపుంత, మా ఊళ్ళో నా చిన్నప్పుడు కరెంటు రాకముందు కనిపించినట్టే ఉన్నది. అక్కడ నిలబడినప్పుడు పెచ్చెరువు గుర్తుకు వచ్చింది.

నల్లమలలో శివరాత్రికి కాలినడకన శ్రీశైలం వెళ్ళే భక్తుల దారి ఒకటి ఉన్నది. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా సాగుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెళ్ళయిన మరు సంవత్సరం, నేనూ మా ఆవిడా ఆ దారిన నడిచాము. పెచ్చెరువు దగ్గర వందలాది జనంతో పాటు నేల మీద దుప్పటి పరచుకొని పడుకున్నాము. నేను అడవిలో ఉచితంగా గడిపిన మొదటి రాత్రి అది. ఆ రాత్రి కూడా ఆమె ముద్ద ఒకటి బండ మీద పెట్టింది. తెల్లవారి చూస్తే లేదు. "ఎవరో తిన్నారండీ" అని ఎంత సంబరపడ్డదో. ఆ ఎవరో ఎవరని నేను నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నల్లమలలోనూ ఎలుగుబంట్లు ఉన్నాయి. 1983లో ప్రాజెక్ట్ టైగర్ పరిధిలోకి వచ్చిన అడవి అది. ఆ ఉదయం మేమందరం లేచి వెళ్ళిపోయాక అక్కడ మిగిలిన విస్తళ్ళు, ఎంగిలి మెతుకులు, అగ్గిపుల్లలు, ఆరీ ఆరని పొయ్యిలు ఇప్పుడు కళ్ళకు కట్టాయి. మేము శివుడి దగ్గరకు వెళ్ళిపోయాము. ఆ ఎంగిలి అక్కడి గూడెంలోని చెంచుల వాకిట మిగిలింది.

నేను చేరిన ఈ అడవికీ ఒక గూడెం కథ ఉన్నది. అరాపహో, రూజ్‌వెల్ట్ జాతీయ అరణ్యాలని రెంటికీ కలిపి ఒకే పాలన. రెండవది అధ్యక్షుడి పేరు. మొదటిది ఒక జాతి పేరు. ఈ కొండలలో వేటాడి బతికిన అరాపహోలను పందొమ్మిదవ శతాబ్దిలోనే తరిమేశారు. 1864లో సాండ్ క్రీక్ దగ్గర వాళ్ళనూ, షయాన్ జాతివాళ్ళనూ సైనికులు ఊచకోత కోశారు. ఇప్పుడు వాళ్ళ వారసులు కొందరు వయోమింగ్ రాష్ట్రంలో, కొందరు ఓక్లహామాలో ఉన్నారు. అడవికి వాళ్ళ పేరు మిగిలింది. నాబోటి వాడికి 14 రోజుల చోటు దొరికింది. ఒక్క రాత్రి మాత్రమే ఉండేవాణ్ణి అతిథి అనాలని ధర్మశాస్త్రం చెబుతుంది. ఎన్నోసార్లు తరగతిలో ఆ మాటకు అర్థం చెప్పాను. ఇల్లు ఎవరిదో తెలిసినప్పుడు అతిథి జాగ్రత్తగా ఉంటాడు. ఇల్లుగలవాడు కనబడనప్పుడు ఎలా ఉండాలన్నది నేను ఎవరికీ చెప్పలేదు.

తెల్లవారుజామున అందరికంటే ముందు లేచాను. కారు తాళంచెవి మా వాడి చొక్కాలో నుంచి తీసుకొని, కాఫీ పొడి కోసం తలుపు తెరిచాను. కాఫీ పొడి డబ్బా పక్కనే ఆ స్టీలు డబ్బా ఉన్నది. అంతలో గుడారం తాడు మీద ఒక బూడిదరంగు పిట్ట వచ్చి వాలింది. దాని పేరు జే అని, విడిదిలో కంచాల మీది తిండి ఎత్తుకుపోవడంలో ఆరితేరినదని, కాకి కుటుంబానికి చెందినదని తరువాత మా వాడు చెప్పాడు. అప్పుడు నాకు అవేమీ తెలియవు. అది గజం దూరంలోకి గెంతుకుంటూ వచ్చి, తల పక్కకు వాల్చి, మా పెరటి గోడ మీది కాకి చూసినట్టే నన్ను చూసింది. డబ్బా నా చేతికి అందేంత దూరంలో ఉన్నది. మా వాడు ఇంకా లేవలేదు. పిట్ట వెళ్ళలేదు. నేనూ కదలలేదు. ఎంతసేపో చెప్పలేను.

"లేదమ్మా" అన్నాను చివరికి. కారు తలుపు మూసి తాళం వేశాను. కాఫీ పొడి లోపలే ఉండిపోయింది.

వెనక్కి తిరిగితే మా వాడు గుడారం నుంచి తల బయటపెట్టి చూస్తున్నాడు. ఏమీ అనలేదు. వచ్చి, తాళంచెవి తీసుకొని, కాఫీ పెట్టి నా చేతికి ఇచ్చాడు. ఆ చలిలో గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను.

ఎండ ఎక్కేలోపు సర్దుకున్నాము. పటం చదివినంత శ్రద్ధగా నేలను చదవాలని మా వాడు అన్నాడు. ముగ్గురమూ వంగి, అడుగడుగూ వెతికాము. మనవడికి రెండు బిస్కెట్టు కాగితాలు, నాకు నా మాత్రల వెండి రేకు ముక్క దొరికాయి. ముందు వచ్చినవాళ్ళు రాళ్ళ పొయ్యిలో వదిలిన బీరు డబ్బాలు మూడు, గాజు పెంకులు గుప్పెడు, అవి కూడా సంచీలో వేసుకున్నాము. "ఇవి మనవి కావు కదా" అన్నాడు మనవడు. "మనం తీసుకుపోకపోతే మనవే అవుతాయి" అన్నాడు వాళ్ళ నాన్న. గుడారం కింద నలిగిన గడ్డిని వేళ్ళతో పైకి దువ్వాము. వెనక్కి తిరిగి చూస్తే ఆ మెట్ట మీద ముగ్గురు మనుషులు ఒక రాత్రి ఉన్నారనడానికి ఆనవాలు కనిపించలేదు. మా ఆవిడ కూడా ఇల్లు అలికి బయటికి వచ్చాక గుమ్మంలో నిలబడి అలాగే ఒకసారి చూసుకొనేది.

ఆ చోటు ఎక్కడో చెప్పమని కొందరు మిత్రులు అడుగుతారని తెలుసు. చెప్పను, మన్నించండి. పిసినారితనం కాదు. ఇలాంటి చోటు పేరు నలుగురికీ తెలిస్తే మరు వేసవికి నేల తొక్కుడుపడి, చెత్త పెరిగి, చివరికి అధికారులు గొలుసు కట్టి మూసివేయవలసి వస్తుంది. జనం తాకిడి పెరిగిన కొన్ని అడవులలో ఇప్పటికే అంకె వేసిన స్థలాలలో తప్ప దిగరాదన్న నియమం వచ్చింది. కనుక చోటు చెప్పడం కంటే చోటు వెతికే పద్ధతి చెప్పడమే న్యాయమనిపించింది. మీలో ఎవరైనా పిల్లల దగ్గరకు వెళ్ళినప్పుడు ప్రయత్నించండి. వారాంతం కాకుండా వారం మధ్యలో వెళ్ళండి, చీకటి పడకముందే చేరండి, మూడు చోట్లు గుర్తు పెట్టుకోండి, దిగే ముందు తల పైకెత్తి చూడండి. బియ్యానికి ప్రెషరు కుక్కరు తీసుకువెళ్ళడం మరవకండి.

సాయంత్రం ఇల్లు చేరాము. ప్రయాణపు బడలికతో స్నానం చేసి నేను త్వరగా పడుకున్నాను. రాత్రి మంచినీళ్ళకు లేచి వంటింట్లోకి వెళ్తే, ఆ స్టీలు డబ్బా కడిగి గట్టు మీద బోర్లించి ఉన్నది. ముద్ద ఏమైందని మా వాణ్ణి అడగలేదు. వాడూ చెప్పలేదు.

ఉదయం కాఫీ గ్లాసుతో పెరటి వైపు వెళ్ళాను. నేను రోజూ ముద్ద పెట్టే కంచె పలక మీద నాలుగు ఎండిన మెతుకులు అంటుకొని ఉన్నాయి. గోటితో గీకి చూశాను. నడుమ పలుకు ఉన్నది.

ఇక సెలవు.